హోమ్ స్టేజింగ్‌కు కోర్సు చేయాలా, ఎవరి దగ్గరైనా పని నేర్చుకోవాలా?

హన్మకొండలో హోమ్ స్టేజింగ్, అంటే అమ్మకానికి పెట్టిన ఇంటిని కొనేవాళ్లకు నచ్చేలా సర్దిపెట్టే పని, మొదలుపెట్టాలనుకుంటున్నారు. ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు మంచిదా, సీనియర్ల దగ్గర చేరడం మంచిదా, సాటివాళ్లతో కలిసి చేస్తే మన క్లయింట్లను వాళ్లు పట్టుకుపోరా అని అడిగారు.

సీనియర్ దగ్గర చేరండి. కోర్సు డబ్బులు దాచుకోండి, ట్రాలీ ఆటోల కిరాయికి పనికొస్తాయి.

నేను పని నేర్చుకున్నది కాజీపేటలో ఒక అక్క దగ్గర. ఆమె ముందు బిల్డర్లకు శాంపిల్ ఫ్లాట్లు సర్దేది, తర్వాత పాత ఇళ్లు అమ్మేవాళ్ల పని కూడా పట్టుకుంది. నయీంనగర్‌లో ఒక ఫ్లాట్ గురించి చెప్తాను. ఓనర్ డల్లాస్‌లో ఉంటాడు, అమ్మానాన్నలను హైదరాబాద్ తీసుకెళ్లాక ఇల్లు ఖాళీగా పడి ఉంది. చూడటానికి వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతున్నారు. అక్క నన్ను వెంట తీసుకెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా గడప బయటే నిలబెట్టి, "బిడ్డా, ముందుగాల చెప్పులు యాడ విడుస్తరో చూడు" అంది. చూస్తే లిఫ్ట్ ముందు జానెడు చోటు, పక్కన పగిలిన పూలకుండీ. వచ్చిన కుటుంబమంతా అక్కడ ఒకరినొకరు తోసుకుంటూ చెప్పులు విప్పాలి, ఇల్లు ఇరుకు అనే అభిప్రాయం అక్కడే పడిపోతుంది. కుండీ తీయించి సన్నటి చెప్పుల స్టాండు పెట్టించింది. అమెరికా వాళ్ల ఆన్‌లైన్ పాఠాల్లో ఇది ఎవరు చెప్తారండీ?

లోపల ఇంకా ఉంది. హాల్లో కిటికీ పక్క మూలలో ఎత్తయిన మొక్కో పెద్ద ల్యాంపో పెట్టాలని ప్రతి వీడియోలో చెప్తారు. ఈ ఇంట్లో ఆ మూల ఈశాన్యం. అక్కడ బరువు కనపడితే చూడటానికి వచ్చిన పెద్దాయన మిగతా ఇల్లు చూడడు. అక్క ఆ మూల ఖాళీగా వదిలేసి, నైరుతి బెడ్రూంలో బీరువా పట్టేంత గోడ కనిపించేలా మంచం జరిపించింది. తెల్లగా గుచ్చే 6500 కెల్విన్ బల్బులు పీకించి పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్‌వి వేయించింది. కర్టెన్ రాడ్డు కిటికీ పైఅంచు నుంచి సీలింగ్ దగ్గరికి ఎక్కించింది, గది ఒక్కసారిగా ఎత్తు పెరిగినట్టయింది. బాత్రూం గోడకు చెమ్మ ఉంటే ఓనర్ "పెయింట్ కొట్టేయండి" అన్నాడు. అక్క ససేమిరా అంది, ప్లంబర్‌ను పిలిచి లీకేజీ ఆపిస్తేనే పని చేస్తానంది. అలాగే 2020 ఆగస్టులో, 2023 జులైలో వరదనీళ్లు సెల్లార్‌లో ఎంతవరకు వచ్చాయో వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకుని, కొనేవాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పమని బ్రోకర్‌కు చెప్పింది. నయీంనగర్‌లో ఆ ప్రశ్న అడగనివాళ్లు ఉండరు. లోపాన్ని కప్పిపెట్టేవాళ్ల దగ్గర మాత్రం మీరు చేరకండి, ఎంత పేరున్నా సరే.

ఇక కలిసి పనిచేయడం సంగతి. ఆ ఫ్లాట్ చూడటానికి మర్నాడు పొద్దున పార్టీ వస్తుందనగా సోఫా, డైనింగ్ టేబుల్ అద్దెకిస్తామన్నవాళ్లు సాయంత్రం చేతులెత్తేశారు. అడ్వాన్స్ తీసుకుని మరీ! (అద్దె ఫర్నిచర్ వాళ్లతో ఇదే గోల. ఫోన్‌లో చూపించే రంగు ఒకటి, దింపే రంగు ఇంకొకటి.) నాకు టెన్షన్‌తో కాళ్లూ చేతులూ ఆడలేదు. అక్క నిదానంగా ఇంకో ఆమెకు ఫోన్ చేసింది. ఆమె ఎవరో కాదు, ప్రతి శాంపిల్ ఫ్లాట్‌కూ అక్కతో పోటీపడి కొటేషన్ ఇచ్చే మనిషి. రాత్రి తొమ్మిది దాటాక టాటా ఏస్‌లో సోఫా సెట్టు, నలుగురు కూర్చునే టేబుల్ వచ్చాయి. వెంట ఆమె కూడా వచ్చి, మా పక్కన కూర్చుని కుషన్ కవర్లు ఇస్త్రీ చేసింది. నేల మీద అక్క దగ్గరున్న వరంగల్ కొత్తవాడ దర్రీలు పరిచాం. మగ్గం మీద నేసిన ఆ చారల ముందు ప్లాస్టిక్ మెరుపు కార్పెట్లు ఎందుకూ పనికిరావు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ దర్రీలను వదిలేసి బయటి కార్పెట్లు కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఆ ఫ్లాట్ ఆ వచ్చిన కుటుంబమే కొన్నది. ఆ పోటీదారు ఓనర్ నంబర్ అడగనే లేదు. తర్వాత ఆమెకు కాజీపేటలో పని పడితే మా దర్రీలు, ల్యాంపులు వెళ్లాయి.

ఈ పనిలో మనిషిని ముంచేది గోదాం. సోఫాలు, మంచాలు కొనిపెడితే ఏ ఇంట్లోనూ లేని రోజుల్లో కూడా వాటికి అద్దె కట్టాలి, చెదలు చూడాలి, ఎలకలు చూడాలి. నలుగురు కలిసి ఒకరి సామాను ఒకరు వాడుకుంటే ఆ భారం నాలుగోవంతుకు దిగుతుంది. ఇంత చిన్న ఊళ్లో ఒంటరిగా అన్నీ కొనుక్కుని నిలబడటం కుదరదని నేను రాసిస్తాను. క్లయింట్లు పోతారని భయమైతే వాట్సాప్‌లో నాలుగు మాటలు రాసుకోండి: రోజుకు అద్దె ఎంత, గీతపడితే ఎవరు భరించాలి, రవాణా ఎవరిది, సైట్‌లో ఎవరి కార్డు ఇవ్వాలి. అది చాలు. నన్నడిగితే క్లయింట్లను లాక్కునేది తోటి స్టేజర్లు కాదు, కొందరు బ్రోకర్లు. "మా మరదలు చేస్తుంది లెండి" అని ఫోటోలు చూసుకుని మన సెటప్పే కాపీ కొట్టేస్తారు.

ఈ వృత్తికి ఆద్యురాలని చెప్పుకునే బార్బ్ ష్వార్జ్ 1972లో సియాటెల్ దగ్గర ఇళ్లు సర్దడం మొదలుపెట్టి, తర్వాత ఊరూరా తిరిగి ఏజెంట్లకు ఆ పని నేర్పింది. తనకు తెలిసింది గుప్పిట్లో పెట్టుకుని ఉంటే ఈ పని ఇంత దూరం వచ్చేదే కాదు.

ఒక్క మాట. నేర్పమని అడిగేటప్పుడు ఉత్త చేతులతో "సలహా ఇవ్వండి" అని మెసేజ్ పెట్టకండి. ఫలానా రోజు సామాను దింపడానికి వస్తాను, బల్బులు మారుస్తాను, ఫోటోలు తీస్తాను అని చెప్పండి. అదీ ఆషాఢంలో అడగండి. రిజిస్ట్రేషన్లు, గృహప్రవేశాలు తగ్గి అందరూ గోదాం సర్దుకుంటూ ఉంటారు, కూర్చోబెట్టి చెప్పే తీరిక ఉంటుంది. శ్రావణం వచ్చిందంటే ఎవరూ ఫోన్ ఎత్తరు.