పాఠానికి వీడియో ఎలా ఎంచుకోవాలి? శ్రీకాకుళం నుంచి ఒక సైన్సు మాస్టారి జవాబు

మీరు రెండు సంగతులు అడిగారు. 7వ తరగతి సైన్సుకి యూట్యూబ్‌లో ఒక్కో పాఠం మీద కుప్పలు తెప్పలుగా వీడియోలున్నాయి, వాటిలో ఏది చూపించాలో తేలడం లేదన్నది మొదటిది. చూపించినంతసేపూ పిల్లలు కళ్లప్పగించి చూస్తారు, మర్నాడు అడిగితే నోరు మెదపరన్నది రెండోది. రెండోదాని సంగతి తేలితే మొదటిది సగం తేలినట్టే అని నా లెక్క.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. గదిలో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది. నెట్ వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు నా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

పాఠం మొత్తానికి వీడియో వెతక్కండి. పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో ఆ ఒక్క చోటికి వెతకండి. మీకు ఆ చోటు ముందే తెలుసు, ఏటా అక్కడే ఆగిపోతారు కాబట్టి. అక్కడ బోర్డు మీద బొమ్మ సరిపోతుందా, చేతిలో వస్తువు పెడితే సరిపోతుందా అని చూసి, రెండూ చాలవనుకుంటేనే ప్యానెల్ వెలిగించండి. ఉద్దానం పిల్లలకి జీడిగింజ మొలకెత్తడం వీడియోలో చూపిస్తే నవ్వుతారు. గుండెలో కవాటాలు తెరుచుకోవడం, తీగలో ఎలక్ట్రాన్లు కదలడం, చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతుంటే వెలుగు పడే భాగం మారడం ఎవరి పెరట్లోనూ కనిపించవు. వీడియో పని అక్కడే.

అయితే వీడియో కూడా చాలని చోట్లుంటాయి. కరెంటు పాఠమే తీసుకోండి. రెండు బల్బుల్ని శ్రేణిలో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా కలిపితే మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుంది, మిగిలింది రెండోదానికి పోతుంది అని పిల్లలు గట్టిగా నమ్ముతారు. నేను చూసిన ప్రతి బ్యాచ్‌లోనూ ఈ నమ్మకం ఉంది. ఎంత మంచి వీడియో చూపించినా ఇది కదలదు. వీడియో చెప్పింది వింటారు, తల ఊపుతారు, లోపలి నమ్మకం లోపలే ఉంటుంది. ఇలాంటి చోట నేను వీడియో జోలికే పోను. ఫెట్ సిమ్యులేషన్ తెరుస్తాను, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగం. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. కొన్ని సిమ్యులేషన్లు తెలుగులో కూడా ఉన్నాయి. ఒకసారి దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా ఆడతాయి.

అందులో కరెంటు వలయాలు కట్టే కిట్ ఉంటుంది. బ్యాటరీ, తీగలు, బల్బులు, స్విచ్, కరెంటు కొలిచే అమ్మీటరు అన్నీ వేలితో లాగి కలపొచ్చు. ప్యానెల్ ముట్టుకునే ముందు ప్రతి పిల్లా నోట్సులో ఒక మాట రాయాలి: మొదటి బల్బుకి ముందు అమ్మీటరు పెడితే ఎక్కువ చూపిస్తుందా, రెండో బల్బు దాటాక పెడితే ఎక్కువ చూపిస్తుందా, సమానమా? రాశాక ఒకరిని పిలిచి వాళ్ల చేతే కట్టిస్తాను. రెండు చోట్లా ఒకటే అంకె వచ్చేసరికి గదిలో గోల మొదలవుతుంది. మీటరు పాడైందనే వాడు ఒకడుంటాడు. ఇంకొకడు లేచి, "కరెంటు తరక్కపోతే మరి బల్బెలా వెలుగుతాది మాస్టారూ?" అంటాడు. నాకు కావలసింది ఆ ప్రశ్నే. తీగలో తిరిగే విద్యుదావేశం ఎక్కడికీ పోదు, బ్యాటరీ ఇచ్చిన శక్తి బల్బులో వెలుగుగా, వేడిగా మారుతుంది అన్న మాట ఆ ప్రశ్న తర్వాత చెబితే ఎక్కుతుంది. ముందు చెబితే ఎక్కదు. తెర మీద నీలం చుక్కల్లా కదిలేవి ఎలక్ట్రాన్లకి వేసిన బొమ్మ మాత్రమేనని, అసలువి అంత పెద్దగా ఉండవని కూడా ఒక మాట చెప్పి వదలాలి.

మన ఊరి సంగతిని పాఠంలోకి లాగే పరికరం దొరికితే ఇంకా మేలు. ఋతువుల పాఠంలో నేను స్టెల్లేరియం వాడతాను. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు, తెర మీద ఆకాశాన్ని చూపించే నక్షత్రశాల. బ్రౌజర్‌లో తెరవొచ్చు, ల్యాప్‌టాప్‌లో ఎక్కించుకుంటే నెట్ లేకుండానూ నడుస్తుంది. మార్చిలో ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మా పిల్లలందరికీ తెలుసు. ఆ రెండు సార్లే ఏల, మే నెల్లో ఏల పడవు అంటే చెప్పలేరు. స్టెల్లేరియంలో స్థలం శ్రీకాకుళం పెట్టి, మార్చి 10న సూర్యోదయం దగ్గర ఆపితే సూర్యుడి దిశ సుమారు 94 డిగ్రీలని చూపిస్తుంది. ఉత్తరం నుంచి లెక్కపెడితే తూర్పు 90 డిగ్రీలు, అంటే సూర్యుడు తిన్నటి తూర్పుకి కాస్త దక్షిణంగా ఉన్నట్టు. అక్టోబరు 2కి మార్చినా దాదాపు అదే చోటు. జూన్ 21కి మారిస్తే ఉత్తరానికి, డిసెంబరు 22కి మారిస్తే దక్షిణానికి జరిగిపోతాడు, అటూ ఇటూ దగ్గర దగ్గర 25 డిగ్రీలు. తర్వాత క్యాలెండరు ఇచ్చి రోజులు లెక్కపెట్టమంటాను. డిసెంబరు 22కి వెనక్కి అక్టోబరు 2, ముందుకి మార్చి 10 రెండూ దాదాపు 80 రోజుల దూరంలో ఉన్నాయని వాళ్లే కనిపెడతారు. దక్షిణాయనం, ఉత్తరాయణం అన్నవి ఆ రోజు నుంచి వాళ్లకి పంచాంగంలో మాటలుగా మిగలవు.

ఇక వీడియోలు. ఋతువుల మీద, చంద్రకళల మీద వచ్చే వాటిలో తప్పులు ఎక్కువ, చూసి వేసుకోండి. భూమి కక్ష్యని కోడిగుడ్డులా సాగదీసి గీసి, సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు ఎండాకాలం అన్నట్టు చూపిస్తే ఆ వీడియో అక్కడితో ఆపేయండి. భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జులై మొదట్లో 15.2 కోట్లు. తేడా నూటికి మూడు వంతులు, కక్ష్య దాదాపు గుండ్రమే. అలాగే అమావాస్య, పౌర్ణములకి భూమి నీడ కారణమని చెప్పే వీడియో గ్రహణాన్నీ కళల్నీ కలిపేసినట్టు. పాఠంలో ఇలాంటి గట్టి చిక్కు ఒకటి పట్టుకుని వీడియోని అక్కడికి జరిపి చూడండి. దాన్ని సరిగ్గా చూపించిన వీడియోనే మొదటి నుంచి చివరిదాకా చూడండి. అన్నీ పూర్తిగా చూడాలంటే మన ఆదివారాలు చాలవు.

ముందు శబ్దం తీసేసి చూస్తాను. బొమ్మ ఒక్కటే విషయం చెప్పగలుగుతుంటే అది పనికొచ్చే వీడియో. మాటలు లేకపోతే ఏమీ అర్థం కాకపోతే అది ఎవరో చెప్పిన లెక్చరు, ఆ పనికి గదిలో నేనున్నాను. తరగతిలో కూడా చాలాసార్లు శబ్దం లేకుండానే ఆడించి నేను చెబుతాను. ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు ఉన్న పుస్తకాలు చదివే మన పిల్లలకి విదేశీ యాసలో గడగడా వచ్చే ఇంగ్లీషు అందదు. తెలుగు వీడియోల్లో పారిభాషిక పదాలు మన పుస్తకంతో కలవకపోవడం ఇంకో తంటా. వెతికేటప్పుడు నా అనుభవం: పుస్తకంలోని తెలుగు పదం కొడితే ట్యూషన్ లెక్చర్లు ఎక్కువ వస్తాయి, అదే మాట ఇంగ్లీషులో కొట్టి పక్కన యానిమేషన్ అని చేరిస్తే కదిలే బొమ్మలు దొరుకుతాయి. బొమ్మ వాళ్లది, తెలుగు మనది.

అన్నిటికంటే ముందు దీక్ష చూడండి. పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే యాప్ అది, 2017లో వచ్చింది. పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్ మీద ఫోన్ పెడితే నేరుగా ఆ పాఠానికి తీసుకెళ్తుంది, ఇంటి దగ్గర దించుకుని బడికి తీసుకెళ్లొచ్చు. యూట్యూబ్ వాడే రోజు ఆటోప్లే ఆపేసి, పిల్లలకి తగని వీడియోల్ని వడకట్టే రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టి, కావలసిన నిమిషం దగ్గర ముందే తెరిచి ఉంచండి. పిల్లల ముందు వెతకడం మొదలుపెడితే పక్కన వచ్చే బొమ్మలకి మీరు జవాబు చెప్పుకోలేరు. పిల్లల పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ అడిగే యాప్‌లకి నేను దూరం. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. లాగిన్ లేకుండా పనిచేసేవి ఇన్ని ఉండగా ఆ తలనొప్పి ఎందుకు?

మర్నాడు నోరు మెదపకపోవడం గురించి. ఏకబిగిన చూపించకండి. సరిగ్గా ఏదో జరగబోయే ముందు ఆపి, తర్వాత ఏమవుతుందో రాయించండి, అప్పుడు ఆడించండి. అయిపోయాక ప్యానెల్ ఆర్పేసి, చూసిన బొమ్మని పుస్తకం చూడకుండా గీయమనండి. ఎవరికి ఎక్కిందో వెంటనే తెలియాలంటే ప్లికర్స్ అనే యాప్ బాగుంటుంది. పిల్లల దగ్గర ఫోన్లు అక్కర్లేదు. ఒక్కొక్కరికీ ఒక అట్టముక్క ఇస్తాం, నాలుగు వైపులా నాలుగు జవాబులు. జవాబు పైకి వచ్చేలా తిప్పి పట్టుకుంటారు, మన ఫోన్ కెమెరాతో గది మొత్తం ఒకసారి తిప్పితే ఎవరేం చెప్పారో వచ్చేస్తుంది. ఒక్కో కార్డు మీద గుర్తు ఒక్కో రకం కాబట్టి పక్కవాడిది చూసి తిప్పడం కుదరదు. చేతులెత్తమంటే ముందు బెంచీ వైపు చూసి ఎత్తే వెనక బెంచీ సంగతి మనకి తెలిసిందే కదా. ఇక్కడ పిల్లల అసలు పేర్లు పెట్టకుండా రోల్ నంబర్లు పెట్టండి, చాలు.

మూడు నాలుగు నిమిషాల బిట్టు ఇలా ఆపి ఆపి చూపిస్తే పీరియడ్‌లో సగం పోతుంది, అందుకే నేను వారంలో ఒకటి రెండు పాఠాలకి మించి పెట్టుకోను. ఒకసారి కుదిరిన బిట్టుని పాఠం పేరుతో పెన్‌డ్రైవ్‌లో పెట్టి, పక్కన చిన్న కాగితం మీద ఏ నిమిషంలో ఆపాలి, ఏం అడగాలి అని రాసుకోండి. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే మీ స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో 7వ తరగతికి చెప్పే వాళ్లు ఇంకెవరైనా ఉంటే లింకులతో పాటు ఆ కాగితాలు కూడా మార్చుకోండి, వచ్చే ఏడాదికి మీ పని సగం తగ్గుతుంది.