గొంతు ఆమెది, సగం వాటా దేంట్లో?

ప్రశ్న: మాది మల్కాజిగిరి. నా నవలను ఆడియోబుక్‌గా తేవాలని ఉంది. తెలిసిన అమ్మాయి చదువుతానంది. గొంతు చాలా బాగుంటుంది, కానీ గంటకు ఇంత అని ఇచ్చుకునే స్తోమత నాకు లేదు. వచ్చే రాయల్టీలో సగం ఇస్తానంటే అన్యాయమా?

జవాబు: అన్యాయమేమీ కాదండీ, అయితే దేంట్లో సగమో ముందే చెప్పండి. ఆడియోబుక్‌లు అమ్మే ఆడిబుల్ వాళ్లకి, రచయితల్నీ చదివేవాళ్లనీ కలిపే ఏసీఎక్స్ అనే వెబ్‌సైట్ ఉంది, అందులో ఈ పద్ధతి 2011 నుంచీ ఉంది, 2014 తర్వాత చాలా ఏళ్లు అమ్మకంలో 40 శాతం రాయల్టీ వస్తే రచయితకు 20, చదివినవారికి 20. మీ పుస్తకం ధర 200 అనుకుని ఇదే లెక్క వేస్తే ఆమెకు కాపీకి 40 రూపాయలు. ఇక ఆమె కష్టం చూడండి: చదవడం, తప్పు పోయినచోట మళ్లీ చదవడం, ఎడిటింగ్ అన్నీ కలిపి ఒక గంట ఆడియోకి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, అదీ వీధిలో హారన్లు ఆగాక అర్ధరాత్రి కూర్చుంటే. ఎనిమిది గంటల నవలంటే తక్కువలో తక్కువ 32 గంటల పని. వంద కాపీలు అమ్ముడైతే 4,000. అమ్ముడవకపోతే మీకు నవలైనా మిగులుతుంది, ఆమెకేం మిగులుతుంది?

అందుకే నా మాట వినండి, ఎంతో కొంత ముందు ఇచ్చి, మిగతాది వాటాగా పెట్టుకోండి. అదీ కుదరకపోతే మొదటి 100 కాపీల దాకా వాటాలో ఎక్కువ భాగం ఆమెకు వెళ్లేలా చూడండి.

అన్నిటికంటే ముందు, అచ్చు వేసిన ప్రచురణకర్తకు ఆడియో హక్కులు కూడా రాసిచ్చేశారేమో పాత అగ్రిమెంట్ తీసి చూసుకోండి, అక్కడే చాలామంది ఇరుక్కుంటారు. తర్వాత ఆమెతో ఒప్పందం, తెలిసినమ్మాయే కదా అని నోటిమాటతో వదిలేయకుండా, కాగితం మీదే రాసుకోండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి, కాలం రాయకపోతే 5 ఏళ్లు అనే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. మన తెలుగువాళ్లు అమెరికాలోనూ వింటారు, కాబట్టి ఆ మాట ప్రత్యేకంగా రాయండి. చందా యాప్‌లో పెడితే విన్న సమయాన్ని బట్టి డబ్బు రావచ్చు, అప్పుడు వాటా ఎలాగో కూడా.

డబ్బు మీ అకౌంట్‌కే వస్తుంది కాబట్టి మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఆమెకు పంపండి, ఒక్క కాపీ కూడా పోని నెలల్లో కూడా.