వెనక చక్రాన్ని తిన్నగా నిలబెట్టడం

చిరంజీవికి పెదమామయ్య ఆశీస్సులు.

బెంగళూరు మారతహళ్లిలో మోటార్‌సైకిల్‌కు పంచర్ వేయించి వెనక చక్రాన్ని తిరిగి బిగించినప్పటి నుంచీ బండి ఒక పక్కకు లాగుతున్నదనీ, చైను కొత్తగా చప్పుడు చేస్తున్నదనీ రాశావు. 44వ నంబరు జాతీయ రహదారి మీద అనంతపురం బయలుదేరే ముందు దీన్ని తప్పక సరిచేసుకో. వంకరగా ఉన్న చక్రం, చైను ఆడే పళ్ల చక్రమైన స్ప్రాకెట్ పళ్లను ఒక పక్కనే అరగదీస్తుంది, మలుపుల్లో బండిని నమ్మకంగా నిలవనివ్వదు.

ముందుగా యాక్సిల్‌కు, అంటే చక్రపు ఇరుసుకు, రెండు వైపులా ఎడం కోసం ఉండే గొట్టపు ముక్కలు, బుష్‌లు, తారుమారు కాలేదని చూడు. అవి మారితే తరువాత చేసే కొలతలన్నీ వృథా. వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి అయిన స్వింగ్ ఆర్మ్ మీది గీతలను చూసి చాలామంది పని ముగిస్తారు కానీ, వాటిని పూర్తిగా నమ్మవద్దని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే రెండు వైపుల గీతలూ ఎప్పుడూ ఒకే కొలతలో ఉండవు. ఒక గట్టి తీగ కొనను వంచి స్వింగ్ ఆర్మ్ ఫ్రేముకు తగులుకునే పివట్ బోల్టు నడిమధ్య ఆనించి, రెండవ కొన యాక్సిల్ నడిమధ్యకు వచ్చే చోట రబ్బరు ముక్కతో గుర్తు పెట్టుకుని, అదే తీగను అవతలి వైపూ ఆనించి చూడు. తేడా ఒక మిల్లీమీటరు దాటకూడదు.

సరిచేసేటప్పుడు యాక్సిల్ నట్టును కాస్త వదులు చేసి, యాక్సిల్‌ను జరిపే అడ్జస్టర్ నట్టును ఒక్కొక్క పలక, అంటే చుట్టులో ఆరవ వంతు, చొప్పునే తిప్పు. 8 మిల్లీమీటర్ల బోల్టుకు మర ఎడం, అంటే ఒక పూర్తి చుట్టుకు జరిగే దూరం, సాధారణంగా 1.25 మిల్లీమీటర్లు కనుక, ఒక పలక తిప్పితే యాక్సిల్ సుమారు 0.2 మిల్లీమీటరు కదులుతుంది. ఆ తరువాత వెనక కూర్చుని చైను పై వరుస వెంట చూపు సారించు. అది స్ప్రాకెట్ దగ్గర ఏ పక్కకూ వంగకూడదు. వెనక టైరుకు ఆనేలా చక్రాలకు ఇరుపక్కలా దారం లాగి చూడటమూ మంచిదే. అయితే ముందు టైరు వెడల్పు 90, వెనకది 120 మిల్లీమీటర్లు ఉంటే ముందు టైరుకూ దారానికీ మధ్య ఇరుపక్కలా 15 మిల్లీమీటర్ల ఖాళీ రావాలి. కొలత, చైను రెండూ సరిగ్గా ఉండి దారం మాత్రమే తప్పు చూపిస్తే, లోపం ఫ్రేములోనో రిమ్ములోనో ఉంటుంది. అడ్జస్టర్లతో దాన్ని కప్పిపుచ్చవద్దు, తెలిసిన మెకానిక్‌కు చూపించు.

చైను వదులు ఎంత ఉండాలో బండి పుస్తకంలో చూసుకుని, చక్రాన్ని తిప్పుతూ చైను అత్యంత బిగుతుగా ఉన్న చోటే కొలువు.

కష్టపడి కుదిర్చిన వరుస చెడిపోయేది చివర నట్టు బిగించేటప్పుడే. అందువల్ల ఇంజిన్ ఆపి, చైనుకూ వెనక స్ప్రాకెట్‌కూ మధ్య మడత గుడ్డ పెట్టి, వేళ్లు దూరంగా ఉంచి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పు. చైను బిగిసి యాక్సిల్‌ను అడ్జస్టర్ల మీదికి లాగి పట్టుకుంటుంది; అప్పుడు బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తో పుస్తకంలో చెప్పినంత బిగించి, తీగతో మరొకసారి కొలిచి చూడు. నట్టు ఊడకుండా గుచ్చే కాటర్ పిన్ ఉన్న బండి అయితే పాతది మళ్లీ వాడవద్దు. బెంగళూరు జేసీ రోడ్డులో కొత్తది దొరుకుతుంది.

డ్రమ్ము బ్రేకుకు, దాని ప్యానెల్ తిరగకుండా పట్టి ఉంచే కడ్డీ అయిన టార్క్ ఆర్మ్ నట్టు బిగించడం మరిచిపోకు. అది ఊడితే బ్రేకు వేసినప్పుడు ప్యానెల్ తిరిగిపోయి చక్రం పట్టేసే ప్రమాదం ఉంది. చక్రం కదిలినందున బ్రేకు పెడల్ ఆటనూ (పట్టుకోక ముందు వదులుగా కదిలే దూరం), బ్రేకు దీపం స్విచ్చునూ కూడా సరిచూడు. దారిలో బాగేపల్లిలో ఆగినప్పుడు యాక్సిల్ నట్టు మీద చేయి వేసి చూసి, అరచేతి వెనక భాగాన్ని డ్రమ్ముకు దగ్గరగా పెట్టు. సెగ ఎక్కువగా కొడితే బ్రేకు రాసుకుంటున్నట్టే కనుక, ముందుకు కదలక ముందే దాన్ని వదులు చేసుకో.