ముందు గుమ్మం కొను, తర్వాత ప్లాన్ గీయించు

చిరంజీవి చిన్నోడికి, మామయ్య ఆశీస్సులు.

తోట దగ్గర స్థలంలో పాత సామానుతో చిన్న ఇల్లు కట్టుకుంటావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! నేనూ అలాగే కట్టుకున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందే ప్లాన్ గీయించకు. పాత గుమ్మాలు, కిటికీలు మనం అడిగిన కొలతల్లో దొరకవు. గోడ లేచాక వాటిని కోసి ఇరికించాలంటే వడ్రంగి కూలితో కొత్తవే వచ్చేస్తాయి. సామాను కొని, కొలతలన్నీ పుస్తకంలో రాసుకుని, అప్పుడు ఇంజినీరు దగ్గరికి వెళ్లు. ఎక్కడైనా మండువా ఇల్లు విప్పుతున్నారని తెలిస్తే ఆ రోజే బయల్దేరు. కలప అడితికి చేరాక అదే దూలం రేటు పెరిగిపోతుంది.

దూలం దగ్గర మాత్రం తొందరపడకు. నేను రంగు వేసిన దూలం ఒకటి చూసి మోసపోయాను. ఇంటికి తెచ్చి కొన గీస్తే లోపలంతా చెదమట్టి. ఆరడుగుల మేర కోసి పారేయాల్సి వచ్చింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు స్క్రూడ్రైవర్ పిడితో ఈ కొన నుంచి ఆ కొన దాకా తట్టుకుంటూ వెళ్లు. చేవ ఉన్నచోట ఖణేల్‌మంటుంది, గుల్ల పడ్డచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. గోడలో ఉన్న కొనలకే తడి ఎక్కువ తగులుతుంది, అక్కడ మొన గుచ్చి చూడు. మెత్తగా దిగితే వదిలెయ్. కోతకు పంపేముందు మేకులన్నీ పీకించు, లేకపోతే మిల్లువాళ్ల రంపం పాడవుతుంది.

ఇటుకలు సున్నంతో కట్టిన గోడవైతే సులువుగా విడివడతాయి. సిమెంటువి ముక్కలవుతాయి, కొనకు. గోడకి లారీ బేకర్ పద్ధతి అడుగు. ఆయన ఇంగ్లండులో పుట్టి, కేరళలో స్థిరపడి, తక్కువ ఖర్చు ఇళ్లు ఎన్నో కట్టిన ఆర్కిటెక్ట్. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ బాండ్‌ను ఆయన బాగా వాడారు. తొమ్మిదంగుళాల గోడలో దాదాపు పావు వంతు ఇటుక మిగులుతుంది. ఆ ఖాళీ వల్ల మన ఎండాకాలం వేడి లోపలికి అంత తొందరగా దిగదు. దీనికి ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి, అందుకే ఒకే ఇంటివి తీసుకో. మేస్త్రి కొత్తపని అని గొణిగితే ముందు ప్రహరీలో కొంచెం కట్టించి చూడు.

బెంగుళూరు పెంకులు దొరికితే స్లాబులో వాడొచ్చు. స్లాబు అడుగు భాగంలో లాగుడును మోసేది ఇనుమే, అక్కడ కాంక్రీటు చాలావరకు దండగ బరువు. ఊచల మధ్య గడుల్లో పెంకులు పరిచి పోస్తే సిమెంటు తగ్గుతుంది, కింద నుంచి చూడ్డానికీ అందంగా ఉంటుంది. ఊచల లెక్క మాత్రం ఇంజినీరే వేయాలి.

నేలకి పాత తాండూరు బండలు చాలు, పాలిష్ పట్టించు.

పునాది సామాను, స్లాబు ఊచలు, కరెంటు వైర్లు, నీళ్ల పైపులు కొత్తవే కొనాలి, నాయనా. చెదల మందు పునాదిలోనే కొట్టించు. వీటిలో రూపాయి మిగుల్చుకోవాలని చూడకు.

మా గొడ్లసావిట్లో టేకు కిటికీలు రెండు, ఇనుప ఊచలతో సహా నీకోసం ఉంచాను. ఆదివారం టేపు పట్టుకుని రా, నీ పుస్తకంలో మొదటి కొలత వాటిదే రాసుకుందాం.

నీ మేనమామ