పాత బండికి ముందు బ్రేకులు, తర్వాతే ఇంజిన్

ప్రశ్న: మూడేళ్లుగా కదలకుండా పడి ఉన్న 100 సీసీ బండి కొన్నాను. రెండు వైపులా డ్రమ్ బ్రేకులే. చోక్ లాగితే స్టార్ట్ అవుతోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. ఇంజిన్ విప్పించాలా?

జవాబు: అక్కర్లేదు. ఈ లక్షణం చాలావరకు కార్బొరేటర్‌ది. నిలవ పెట్రోలు ఆవిరైపోగా మిగిలే జిగురు స్లో జెట్ (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే సన్నటి ఇత్తడి గొట్టం) రంధ్రాన్ని మూసేస్తుంది. జెట్ విప్పి కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పట్టించండి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనిపించాలి. సూదో తీగో పెట్టి పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం కాస్త పెద్దదైనా ప్లగ్ నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది. అంతకుముందే ట్యాంకులోని పాత పెట్రోలు పారబోసి, లోపల టార్చి వేసి చూడండి. తుప్పు ఉంటే శుభ్రం చేసిన జెట్ వారంలో మళ్లీ మూసుకుపోతుంది. ఇవన్నీ అయ్యాక కూడా ఆగిపోతుంటే కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు రింగు చూడండి. అది పగిలితే గాలి అడ్డదారిన లోపలికి పోతుంది.

అయితే ఇదంతా తర్వాతి పని. స్టార్టయిన ఉత్సాహంలో చాలామంది బండిని నేరుగా రోడ్డెక్కించేస్తారు. అది ఆగుతుందో లేదో ముందు తేలాలి.

రెండు చక్రాలూ ఊడదీయించండి. బ్రేకు షూల మీద లైనర్ (డ్రమ్ముకు రాసుకునే పొర) మందం 2 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాల్సిందే. ఆయిలు పట్టిన షూలను కడిగి వాడొద్దు, లైనర్ పీల్చుకున్న ఆయిలు వేడికి మళ్లీ బయటికొస్తుంది. డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవండి. నిలిచిపోయిన బండ్లలో ఎక్కువగా పట్టేసేది బ్రేకు క్యామ్, అంటే షూలను విడదీసి డ్రమ్ముకు నొక్కే ఇరుసు. లీవరు నొక్కితే బ్రేకు పడుతుంది, వదిలినా వెనక్కి రాదు. క్యామ్ బయటికి తీసి, తుప్పు గీకి, పల్చగా గ్రీజు రాయండి. ఎక్కువైతే అదే లైనర్ మీదికి జారుతుంది. వెనక బ్రేకు ప్లేటును పట్టుకుని ఉండే టార్క్ ఆర్మ్ బోల్టుకు పిన్ను ఉందా అని తప్పక చూడండి. అది ఊడితే ప్లేటు చక్రంతో పాటే తిరిగి, నడుస్తుండగా చక్రం బిగుసుకుపోతుంది.

టైరు గాట్లు లోతుగా ఉన్నాయని మురిసిపోవద్దు. పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చదవండి: 2314 అంటే 2014లో 23వ వారం. అంత పాత రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద పట్టు ఉండదు. పక్కగోడల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే ఇక ఆలోచించక్కర్లేదు. ట్యూబు కూడా మార్చండి.

ప్రశ్న: వేగం 40 దాటితే హ్యాండిల్ వణుకుతోంది. టైర్లు కొత్తవే.

జవాబు: సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట పైనా కిందా ఉండే బేరింగులు) పోయింది. బిగిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకండి, మధ్యలో గుంట అలాగే ఉండి పక్కలకు బిగుసుకుంటుంది. పైదీ కిందిదీ కలిపి మార్చాలి. అది బాగుంటే ఫోర్కుల కింది చివరలు పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి, టకటకమంటే లూజుంది. అక్కడా ఏమీ లేకపోతే చక్రాల బేరింగులు, స్పోకులు, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చట్రం) బుష్‌లు చూడండి. స్పోకులను స్పానర్‌తో తట్టితే ఖంగుమనాలి, మొద్దుగా పలికింది వదులైనట్టు.

ప్రశ్న: చైన్ ఒక్కటే మార్చుకోవచ్చా?

జవాబు: వద్దు. అరిగి కొక్కెంలా వంగిన స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్ల మీద కొత్త చైన్ వేస్తే అదీ తొందరగా సాగిపోతుంది. రెండు స్ప్రాకెట్లతో కలిపి సెట్టుగా వేయించండి. చక్రం తిప్పుతూ ఎక్కడ బిగువు ఎక్కువో చూసి, అక్కడ రెండు స్ప్రాకెట్ల నడుమ 20 నుంచి 30 మిల్లీమీటర్ల లూజు ఉంచండి. లింకు లాక్‌కు (చైన్ రెండు కొసలనూ కలిపి పట్టే క్లిప్పుకు) మూసి ఉన్న వైపు చైన్ కదిలే దిశలో ముందుండాలి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు ఊడిపోతుంది.