శీశ్‌గంజ్‌లో మొక్కాలా, వద్దా?

ప్రశ్న: పిల్లలతో, అత్తగారితో ఢిల్లీ వెళ్తున్నాం. చాందినీ చౌక్‌లో సిక్కుల తొమ్మిదో గురువు తేగ్ బహదూర్ తల నరికిన చోట శీశ్‌గంజ్ గురుద్వారా ఉందట. మేం సిక్కులం కాదు. లోపలికి రానిస్తారా? మొక్కాలా? పదేళ్ల పిల్లవాడికి ఆ సంగతి ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఏ మతం వాళ్లయినా వెళ్లవచ్చు. టికెట్టు లేదు. పగలు చాందినీ చౌక్ ప్రధాన వీధిలోకి కార్లు, ఆటోలు రానివ్వరు కాబట్టి మెట్రోలో వెళ్లండి. న్యూఢిల్లీ స్టేషన్‌లో ఎల్లో లైన్ ఎక్కితే రెండో స్టేషనే చాందినీ చౌక్. అక్కడి నుంచి ఇరుకు సందుల్లో నడక. అత్తగారికి కష్టమైతే సైకిల్ రిక్షా మాట్లాడుకోండి.

చెప్పులు జోడాఘర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోండి. కాళ్లు కడుక్కుని, మగవాళ్లూ పిల్లలూ కూడా తల కప్పుకోవాలి. టోపీ పెట్టుకుని వెళ్తే తీసేయమంటారు, జేబురుమాలు కట్టుకుంటే చాలు. మర్చిపోతే గుమ్మం దగ్గరే గుడ్డలు ఉంటాయి. బీడీ, సిగరెట్లు, గుట్కా జేబులో కూడా ఉండకూడదు.

మొక్కడం మీ ఇష్టం. సిక్కులు తల వంచేది విగ్రహానికి కాదు, తమ పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్‌కు. మీరు నిశ్శబ్దంగా కింద కూర్చున్నా తప్పు పట్టరు. కాళ్లు మాత్రం గ్రంథం వైపు చాపకండి. మోకాళ్ల నొప్పులుంటే ఇది ముందే ఆలోచించుకోవాలి. ప్రసాదం దోసిలి పట్టి తీసుకోవాలి. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమపాళ్లలో చేసిన హల్వా అది. షుగరున్నవాళ్లు కొంచెమే పెట్టమని అడగవచ్చు. పెట్టించుకుని పారేయడమే తప్పు.

ఇక పిల్లవాడి సంగతి. 1675 నవంబరు 11న ఔరంగజేబు హయాంలో ఇక్కడ గురువు తల నరికారు. అంతకుముందే గురువు అనుచరులైన మతీ దాస్‌ను రంపంతో కోసి, దయాలాను మరిగే నీళ్లలో వేసి, సతీ దాస్‌ను దూది చుట్టి కాల్చి చంపారని సిక్కులు చెప్పుకుంటారు. ఎదురుగా ఉన్న భాయీ మతీ దాస్ మ్యూజియంలో ఇలాంటి చిత్రాలే ఉంటాయి. చిన్నపిల్లలు జడుసుకుంటారు, ముందు మీరొక్కరే చూసి రండి. పదేళ్లవాడికి చెప్పాల్సింది రంపం గురించి కాదు. మతం మార్చుకోమని ఒత్తిడి చేస్తున్నారని కశ్మీరీ పండితులు గురువును ఆశ్రయించారని సిక్కు సంప్రదాయం చెబుతుంది. వాళ్లది జంధ్యం వేసుకునే ఆచారం. గురు నానక్ జంధ్యాన్ని వద్దన్నవాడు. ఆ నానక్ గద్దె మీది తొమ్మిదో గురువు, తాను వేసుకోని జంధ్యం కోసం తల ఇచ్చాడు. పిల్లవాడు 'ఎందుకు?' అంటాడు. వెంటనే జవాబు చెప్పేయకండి, వాణ్ని కాసేపు ఆలోచించనివ్వండి.

గురువు తల నరికిన చోటి చెట్టు మొద్దునూ, ఆయన స్నానం చేశాడనే బావినీ గురుద్వారా లోపల భద్రపరిచారు. ఫొటోలు తీయవద్దు.

టైముంటే అదే లైన్‌లో సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగి రకాబ్‌గంజ్ గురుద్వారా కూడా చూడండి. గురువు మొండేన్ని లఖీ షా వంజారా అనే వ్యాపారి రహస్యంగా తెచ్చి, బయట చితి పేరిస్తే పట్టుబడతానని, తన ఇంటికే నిప్పుపెట్టి దహనం చేసింది అక్కడే. ఆయన బంజారా. మీ జిల్లా తండాల్లోని లంబాడీలదీ ఆ సమాజమే.