లాక్‌డౌన్ కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. హైవే మీద పిల్లను భుజానెక్కించుకుని నడిచే కూలీ, తెగిన చెప్పు, కాలికి పుండు, సొంతూరి పొలిమేరలో పడిపోవడం. భాష శుభ్రంగా ఉంది. కానీ ఆ మనిషిది ఏ ఊరో, ఏ పని మానుకుని బయల్దేరాడో, జేబులో ఎంత ఉందో ఎక్కడా లేదు. టీవీలో చూసింది రాశావు తల్లీ. ఉత్తరంలో మాత్రం "మాకేం జరగలేదు, ఇంట్లోనే ఉన్నాం, రాయడానికేముంది" అన్నావు. నాకు కథ ఆ మాట దగ్గరే కనిపించింది.

2020 మార్చిలో నువ్వు టెన్త్. 19న పరీక్షలు మొదలయ్యాయి. తెలుగు, హిందీ రాశారు. 22 ఆదివారం జనతా కర్ఫ్యూ, మర్నాటి నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. మిగతా పరీక్షలు ఇవాళో రేపో అంటూ అందరూ ఇంగ్లీషు, లెక్కల పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. చివరికి జూన్ 8న మిగతా పేపర్లు రద్దుచేసి, ఐదు లక్షల పైచిలుకు పిల్లల్ని పాస్ చేశారు. జరగని పరీక్ష కోసం అన్ని వారాలు చదివిన పిల్లల మీద నేను ఇంతవరకూ ఒక మంచి కథ చదవలేదు.

రామ్‌నగర్‌లో రెండు గదుల పోర్షన్, నలుగురికి ఒకటే ఫోన్ అన్నావు. ఆ ఫోన్ ఏ వేళకు ఎవరి చేతిలో ఉండేది? ప్రింటింగ్ ప్రెస్ మూతపడ్డాక మీ నాన్నగారు పొద్దున్నే లేచి ఏం చేసేవారు? మూడు నెలలు అద్దె కోసం ఒత్తిడి చేయొద్దని ప్రభుత్వం ఓనర్లకు చెప్పింది. మరి మీ ఓనరు అడిగాడా, మెట్ల మీద ఎదురుపడి అడగకుండానే అడిగినట్టు నిలబడ్డాడా? రేషన్ కార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చారు కదా, ఆ డబ్బుతో మీ అమ్మ మొదట ఏం కొన్నది? అమ్మను అడుగు. ఆడవాళ్లకు ఇలాంటివి రూపాయితో సహా గుర్తుంటాయి.

"నగరం నిశ్శబ్దంలో మునిగింది" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. అంబులెన్సులు, పోలీసుల మైకులు, గల్లీలోకి కూరగాయలు తెచ్చిన రైతుబజార్ బండి దగ్గర బేరాలు, గోడ అవతల మొగుడూ పెళ్లాల గొడవ. హైదరాబాద్‌లో బస్సుల మోత పోయాక ఇవన్నీ పైకి వచ్చాయి. చిక్కడపల్లి లైబ్రరీ మీకు దగ్గరే. పొద్దున్నే వెళ్లి సీటు పట్టుకుని, ఉద్యోగ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు గేటుకు తాళం పడ్డాక ఎక్కడికి పోయారో ఎవరైనా రాశారా?

ఆ రోజుల్లో ఏం చదవాల్సింది అని అడిగావు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు లేవు, కోఠి షాపులు మూసేశారు. ఆన్‌లైన్‌లో కూడా మొదట్లో సరుకులు తప్ప పుస్తకాలు రాలేదు. అప్పుడు నాకు నవల సాగేది కాదు. కళ్లు పేజీ మీద, చెవి బులెటిన్ మీద. ఎంత టెన్షన్ అంటే నాలుగు పేజీలు తిప్పాక కూడా పాత్ర పేరు గుర్తుండేది కాదు. విజయవాడలో మా అక్క ఒంటరిగా ఉండేది. రాత్రిపూట ఫోన్‌లో తనకొక చిన్న కథ చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆ రోజులు అలాగే గడిచాయి మాకు. పైకి చదువుతుంటే ఎక్కడ వాక్యం సాగదీశారో, ఏ సంభాషణ మనుషులు మాట్లాడేది కాదో గొంతే పట్టిస్తుంది. "ఆగు, వాడు ఎవడు?" అని అక్క అడిగిన ప్రతిచోటా ఆ కథలో లోపం ఉంది. నీ కథ కూడా ఎవరికైనా ఫోన్‌లో చదువు. వినేవాళ్లకు మొహమాటం తక్కువ.

కూలీ కథ రాయొద్దని అనడం లేదు. రాయి, కానీ వెళ్లి అడిగి రాయి. వలస కూలీలను సొంతూళ్లకు చేర్చడానికి వేసిన శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది 2020 మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. దాదాపు 1,200 మంది. సంగారెడ్డి దగ్గర కంది ఊళ్లోని ఐఐటీలో బిల్డింగులు కడుతున్నవాళ్లు. అంతకు రెండు రోజుల ముందే అక్కడ గొడవైంది, ఇంటికి పంపమని. అంటే వాళ్లు నీ కథలోలా ఏడుస్తూ నడిచినవాళ్లు మాత్రమే కాదు, నిలబడి అడిగినవాళ్లు కూడా. మేడ్చల్ దగ్గర నాగ్‌పూర్ రోడ్డు మీద అన్నం పెట్టినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక ఆదివారం వెళ్లు. వాళ్లు చెప్పేదాకా నువ్వు ఊహించకు.

త్వరగా మొదలుపెట్టమని తొందరపెట్టడానికి కారణం ఉంది. 1813లో కలరా వచ్చినప్పటి మొక్కుతోనే సికింద్రాబాద్ బోనాలు మొదలయ్యాయని చెప్తారు. రెండు వందల ఏళ్లు దాటినా ఊరు దాన్ని మోస్తూనే ఉంది. 2020లో ఆ బోనాన్నే ఇంట్లో వండి ఇంట్లోనే సమర్పించుకోమన్నారు. మన ఈ కష్టాన్ని మాత్రం అప్పుడే ఎవరూ తలుచుకోవడం లేదు. మాస్కు ఫొటోలు ఫోన్ల నుంచి తీసేస్తున్నారు.

హైవే కథ పక్కన పెట్టు. లెక్కల పుస్తకం పట్టుకున్న పిల్ల కథ మొదటి నాలుగు పేజీలు సంక్రాంతి లోపు పంపు. కాగితం మీద, పెద్ద అక్షరాల్లో పంపు. మార్జిన్‌లో రాయడానికి నాకు చోటు కావాలి.

అమ్మానాన్నలను అడిగానని చెప్పు.